మాదకద్రవ్యాల కేసులో శిక్షపై అప్పీలు

మాదకద్రవ్యాలు అమ్మిన నేరానికి శిక్ష పడిన వ్యక్తి, ఆ తీర్పును పరిశీలించి సరిదిద్దవలసినదిగా పై న్యాయస్థానాన్ని కోరడాన్ని అప్పీలు అంటారు. భారతదేశంలో ఈ నేరాలు 1985 నాటి మాదకద్రవ్యాలు, మనోత్తేజక పదార్థాల చట్టం (ఎన్.డి.పి.ఎస్. చట్టం) క్రిందికి వస్తాయి. అప్పీలు అంటే రెండవసారి విచారణ జరపడమని చాలామంది భావిస్తారు. అది సరి కాదు. సాధారణంగా సాక్షులను మళ్ళీ పిలువరు. క్రింది కోర్టులో నమోదైన సాక్ష్యాన్నే తిరిగి చదివి తూకం వేస్తారు.

శిక్షల తీవ్రత

శిక్ష సరకు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. దానికి కనీసం 10 సంవత్సరాలు, గరిష్ఠంగా 20 సంవత్సరాల కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. నేరం రుజువైనదని భావిస్తే, కనీస శిక్షను తగ్గించే అధికారం హైకోర్టుకు కూడా లేదు. 32ఎ సెక్షను వలన రెమిషన్ కూడా లభించదు. సరకు యజమాని తప్పించుకొని, కూలికి మూట మోసినవాడు పట్టుబడినా లెక్క ఇదే. అందుచేత అతనికి అప్పీలే ప్రధానమైన దారి.

దాఖలు చేయు విధానం

ప్రత్యేక కోర్టు తీర్పుపై 60 రోజులలోగా హైకోర్టుకు అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చును. 2024 జూలై 1 నుండి ఈ హక్కు భారతీయ నాగరిక సురక్షా సంహిత 415వ సెక్షనులో ఉన్నది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేర్వేరు హైకోర్టులు ఉన్నాయి.

జైలులో ఉన్నవారు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపవచ్చును. తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. ఖైదులో ఉన్న వ్యక్తికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. ఈ సంగతి తెలియక గడువు దాటనిచ్చుకోవడం విచారకరం.

అప్పీలు తేలేవరకు శిక్షను నిలుపుదల చేయమని కోరవచ్చును. 32ఎ సెక్షను దీనిని పూర్తిగా నిషేధించగా, దాదు కేసులో (2000) సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టివేసింది. అయినను వాణిజ్య పరిమాణం కేసులలో 37వ సెక్షను అడ్డు ఉన్నది: అప్పీలుదారు నిర్దోషి అని నమ్మడానికి సహేతుకమైన ఆధారం కనిపించాలి, బెయిలుపై ఉండగా మళ్ళీ నేరం చేయడనీ కోర్టుకు తోచాలి.

ముఖ్య వాదనలు

ఈ అప్పీళ్ళలో వాదన ఎక్కువగా సోదా, నమూనాల చుట్టూ తిరుగుతుంది. ఒంటిపై సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉన్నదని నిందితునికి చెప్పాలి (50వ సెక్షను). బల్దేవ్ సింగ్ కేసులో (1999) రాజ్యాంగ ధర్మాసనం దీనిని గట్టిగా నిలిపింది. అయితే సరకు చేతిసంచిలో దొరికితే ఈ నియమం వర్తించదని పవన్ కుమార్ కేసు (2005) తేల్చింది. బస్సులో సంచితో పట్టుబడినవారికి ఈ వాదన అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే.

ఇంటిని సోదా చేసినచో, అందిన సమాచారాన్ని ముందుగా వ్రాసి 72 గంటలలో పై అధికారికి పంపాలి. నమూనాలను మేజిస్ట్రేటు ఎదుట తీయాలని 52ఎ సెక్షనుపై మోహన్‌లాల్ తీర్పు (2016) చెప్పినది. ఈ లోపం ఒక్కటే శిక్ష రద్దుకు చాలదని 2025లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. సీళ్ళు సరిపోలకపోవడం, తూకంలో తేడా వంటివి దానికి తోడైతే కేసు బలహీనపడుతుంది. అధికారుల ఎదుట 67వ సెక్షను క్రింద ఇచ్చిన నేరాంగీకారం చెల్లదని తూఫాన్ సింగ్ కేసులో (2020) తీర్పు వచ్చింది.

ఫలితం

హైకోర్టు శిక్షను ఖాయపరచవచ్చును, రద్దు చేయవచ్చును, లేదా పునర్విచారణకు పంపవచ్చును. దోషి వేసిన అప్పీలులో శిక్షను పెంచరాదు. అందుకు ప్రభుత్వం వేరుగా అప్పీలు చేయాలి. హైకోర్టు తీర్పుపై రాజ్యాంగం 136వ అధికరణం క్రింద సుప్రీంకోర్టు అనుమతి కోరవచ్చును.