మాహూరు యాత్ర - మగ్గమునకు ఒక పాఠము

గత నవరాత్రులకు ముందు మా సంఘ సభ్యులము తొమ్మిదిమందిమి కలిసి మాహూరు వెళ్ళి వచ్చితిమి. అమ్మవారి దర్శనము ఒక పని. గిడ్డంగిలో అమ్ముడుపోక నిలిచిన చీరెలకు ఏదైన దారి దొరకునేమో చూచుట రెండవ పని. అక్కడ మేము తెలిసికొన్నది సోదర సంఘముల వారికి గూడ ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నాందేడు నుండి భోకరు, కిన్వట్‌ల మీదుగా మాహూరు చేరితిమి. కిన్వట్ దాటిన పిదప టేకు అడవులు, గుట్టలు, మలుపులు. కిన్వట్ తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ యేడు హైదరాబాదు రాష్ట్రము విడిపోయినపుడు నాందేడు జిల్లాలో చేరి, బొంబాయి రాష్ట్రమునకు పోయినది; 1960లో మహారాష్ట్రమైనది. సరిహద్దు గీత మారినను భక్తుల రాకపోకలు మారలేదు. నేటికిని మెట్ల మీద మరాఠీతోపాటు తెలుగు వినబడుచునే యున్నది.

మాహూరు కొండల నడుమ చిన్న పట్టణము. ఒక కొండమీద రేణుకాదేవి, వేరు కొండలమీద దత్తాత్రేయుడు, అనసూయామాత వెలసియున్నారు. మహారాష్ట్రమువారు చెప్పుకొను మూడున్నర శక్తిపీఠములలో రేణుకాదేవి క్షేత్రము ఒకటి. ఓరుగల్లు వీథులను వర్ణించిన మన క్రీడాభిరామములో ఏకవీరతోపాటు మాహురమ్మ పేరును గలదు. కనుక ఈ తల్లి తెలుగువారికి క్రొత్త కాదు.

ఊరి చెంత రాతిలో తొలిచిన గుహలను పాండవ లేణ్యములందురు. కొండకోట బురుజులు కొన్ని కూలినను ఇంకను గంభీరముగనే యున్నవి. ఈ మాహూరు దేశ్‌ముఖుల ఇంటి కోడలు సావిత్రీబాయి మొగలుల పక్షమున సేన నడిపి, 'రాయబాగన్' అను బిరుదు పొందినది. ఆడపులి యని దాని భావము. 1661లో ఉంబర్‌ఖిండ్ కనుమలో శివాజీ మొగలు సైన్యమును చుట్టుముట్టినప్పుడు ఆమె యు ఆ సైన్యములో నుండెను.

గర్భగుడిలో అమ్మవారికి ముఖము మాత్రమే యుండును. సిందూరముతో ఎఱ్ఱగా వెలుగుచుండును. దంచిన తాంబూలమే ప్రసాదము. దానిని నోట వేసికొని మెట్ల ప్రక్కన కూర్చుండగా, ఆదిలాబాదు వైపు నుండి వచ్చిన ఒక ముసలమ్మ మా మాటలు విని పలుకరించినది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"నాందేడు, అమ్మా. మేము మగ్గపోళ్ళము. మీరు ఎల్లమ్మను కొలుస్తరు గదా, ఇంత దూరము వచ్చినారేమి?"

"ఎల్లమ్మే గదా ఈడ రేణుకమ్మ! పేరు వేరైతె తల్లి వేరయితదా?" అని నవ్వినది. ఆమె చేతిలో అమ్మవారికి తెచ్చిన రవికగుడ్డ యున్నది. మా పెద్ద నేతగాడు దానిని వ్రేళ్ళతో తడవి చూచి, ఏమియు అనక తిరిగి ఇచ్చినాడు. అది మరమగ్గము గుడ్డ.

క్రింద కొట్టులో విచారించితిమి. టెంకాయలు, ఆకుపచ్చ గాజులు, పసుపు కుంకుమలతోపాటు చీరెలు, రవికగుడ్డలు దొంతరలుగా నున్నవి. ఒక్కటియు చేనేత కాదు. కొట్టు యజమాని మరాఠీలో నిజము దాచక చెప్పినాడు: "కొండ ఎక్కువారు ముందు ధర అడుగుదురు, తరువాత రంగు అడుగుదురు. ఎవరు నేసినారని అడిగినవారిని నేను చూడలేదు." మేము తీసికొనిపోయిన చీరెల ధర విని తల అడ్డముగా ఊపినాడు. తిరుగు బస్సులో చాలసేపు ఎవ్వరము మాటలాడలేదు.

ఇట్టి కొండపట్టణములు అన్యదేశములలోను గలవు. ఇటలీలో ఆల్ప్స్ పర్వతములందు గార్డేనా లోయలో ఓర్టిసేయి అను చిన్న ఊరు గలదు. అక్కడివారికి లాడిన్ అను తమ చిన్న భాష యున్నది. మంచు కురిసి సేద్యము సాగని చలికాలములో కొయ్య చెక్కుట 17వ శతాబ్దము నుండి వారికి వృత్తియైనది. చర్చీలకు కావలసిన కొయ్య విగ్రహములు, పిల్లలకు బొమ్మలు చెక్కి దూరదేశములకు పంపిరి. యాంత్రికుల పోటీ వచ్చినను చేతిపని పూర్తిగా చావలేదు. లోయను చూడవచ్చినవారు ఆ పనిని గూడ చూచి కొందురు. జనము దేనికొరకు వచ్చుచున్నారో దానికి సంబంధించిన వస్తువునే వారు చేసిరి. మనము మాత్రము మనకు తెలిసినది నేసి, కొనువారు రాలేదని వగచుచున్నాము.

కావున మా సంఘము ఒక చిన్న ప్రయత్నమునకు పూనుకొన్నది. చీరెలతో మరమగ్గముతో ధరలో పోటీపడలేము. రవికగుడ్డ సంగతి వేరు. దానికి నూలు తక్కువ పట్టును గనుక ధరలో తేడా రూపాయలలో కొద్దిగానే యుండును. వెడల్పు తక్కువ గనుక, చీరెమగ్గము మీద చేయి సాగని వృద్ధ నేతగాండ్రును నేయగలరు. ఆకుపచ్చ, పసుపు, కుంకుమ రంగులు, ఇరుప్రక్కల అంచు, చేనేత యని, నేసిన ఊరి పేరని మరాఠీలోను తెలుగులోను ఒక చీటి. ఆ కొట్టు యజమానియే మొదటి విడత అమ్మి చూచెదనన్నాడు, మిగిలినవి తిరిగి ఇచ్చు షరతుమీద.

ఇది పెద్ద వ్యాపారమని మేము చెప్పము. మిగిలి తిరిగి వచ్చినను రావచ్చును. అయితే పూర్వము సన్నని మల్లుగుడ్డకు పేరుపొందిన నాందేడులో, మన తల్లికి పెట్టు గజము గుడ్డ కూడ మన చేతిది కాకపోవుట మాకు సిగ్గుగా తోచినది. మీ సమీపమునను ఏదో ఒక జాతర, ఏదో ఒక గుడి యుండును. అక్కడ ఏ గుడ్డ అమ్ముడుపోవుచున్నదో ఒకసారి పోయి చూడుడని సోదర సంఘములను కోరుచున్నాము. ఇరుకు మగ్గమునకు అంచు నమూనాలు గలవారు మాకు వ్రాసిన కృతజ్ఞులము.