బిగిసిన మెట్టెలు, జారిన గాజులు

మా మేనత్త సికిందరాబాదు చిలకలగూడలో నుండెడిది. ఆమె హృదయకవాటములలో నొకటి చెడినదని వైద్యులు చెప్పుటకు ఏడాది ముందే, ఏటేటా సంక్రాంతికి ముంగిటకు వచ్చు గాజులవాడు ఆమె చేయి పట్టుకొని, “అమ్మా, పోయినేడు మీకు రెండు–ఆరు సైజు సరిపోయింది, ఇప్పుడు రెండు–నాలుగు కూడా జారిపోతోంది, ఒంట్లో బాగుంటున్నదా?” అని యడిగెను. ఇంటివారందరు నవ్వి యూరకుండిరి. ఏలయనగా సికిందరాబాదు రైల్వే స్టేషనులో నాణెము వేసి యెక్కు తూనికయంత్రము, ఆమె బరువు వెనుకటివలెనే 54 కిలోలని అట్టచీటిపై అచ్చొత్తి యిచ్చుచునే యుండెను. అట్టచీటిని నమ్మినవారికి గాజులవాని మాట చెవి కెక్కలేదు. మరి కొన్ని నెలలకు ఆమె కాలివ్రేళ్ల మెట్టెలు మాంసములో దిగబడి యూడిరాక, కంసాలిని పిలిపించి కత్తిరింపవలసి వచ్చినది.

గాజులు వదులగుట, మెట్టెలు బిగియుట, తూకము మారకుండుట, ఈ మూడును పరస్పర విరుద్ధములుగా దోచును గాని, నిజమునకు మూడును ఒకే కథను జెప్పుచున్నవి. దండచేతినుండియు తొడలనుండియు కండ కరగిపోవుచుండగా, ఆ లోటును చీలమండలయందును ఉదరమునందును నిలిచిన నీరు పూడ్చుచుండును. కండకును నీటికిని గల భేదము త్రాసు కేమి తెలియును? పాశ్చాత్య వైద్యమున ఈ క్షీణతకు ‘కాకెక్సియా’ యని పేరు. గ్రీకు భాషలో దుఃస్థితి యని దాని యర్థము. హృద్రోగముతో నుబ్బినవారి శరీరమున మాంసము తరిగి నీరు పెరుగుట ప్రాచీన గ్రీకు వైద్యుల దృష్టికి వచ్చియే యున్నది. అయినను, ఈ కార్శ్యము రోగముయొక్క తుదిదశా లక్షణము మాత్రమే కాక, రోగి బ్రతుకునా లేదా యను ప్రశ్నకు తనంతట తానే యొక యుత్తర మిచ్చునని లెక్కలతో నిరూపించుట మాత్రము మొన్న మొన్నటి మాట. 1997లో లండనునుండి వెలువడిన యొక పరిశీలనలో, దీర్ఘకాలిక హృదయవైఫల్యముతో బాధపడువారిలో ఇట్లు క్షీణించినవారు పదునెనిమిది నెలలలో సగము మంది మరణించిరి. క్షీణింపనివారిలో మృతులు ఆరింట నొక వంతు మాత్రమే.

మన ప్రాంతమున నడివయసువారి కవాటములు చెడుటకు ముఖ్యకారణము బాల్యమున వచ్చిన కీళ్లజ్వరము. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి గొంతులో జేరి నొప్పి కలిగించును; దానిపై యుద్ధమునకు శరీరము సిద్ధము చేసికొన్న ప్రతిరక్షకములు, ఆ క్రిమి పైపొరకును గుండె కణజాలమునకును గల పోలికచే భ్రమించి, సొంత కవాటములనే గాయపరచును. ఎడమ కర్ణిక జఠరికల నడుమ నున్న మైట్రల్ కవాటము సాధారణముగా నాలుగునుండి ఆరు చదరపు సెంటీమీటర్ల మేర తెరచుకొనును. గాయముల మచ్చలు ముడుచుకొనగా నది ఒకటిన్నరకు లోబడినచో వ్యాధి తీవ్రమైనదని లెక్క. మూడు వారముల కొక పర్యాయము పెన్సిలిన్ సూదిమందుతో జ్వరము తిరుగబెట్టకుండ జూచుకొనవచ్చును గాని, గొంతునొప్పిని లెక్కింపని పేదయిండ్లలో అది జరుగుట యరుదు. 2015 నాటికి ప్రపంచమున మూడు కోట్లకు పైబడిన జనులు ఈ వ్యాధితో జీవించుచుండిరని యొక గణన; అందు మన దేశపు వాటా మిక్కిలి పెద్దది.

ఇరుకైన ద్వారము వెనుక రక్తము నిలువయై ఊపిరితిత్తులను, పిదప గుండె కుడిభాగమును, తుదకు కాలేయమును ప్రేవులను ముంచెత్తును. ఉబ్బిన కాలేయము కడుపును నొక్కుచుండగా రోగికి నాలుగు ముద్దలతోనే తృప్తియైనట్లు తోచును. నీరుపట్టిన ప్రేవులు తిన్నదానినైన సరిగా గ్రహింపవు. అన్నము ముందు గూర్చుండినవాడు, ఆయాసముచే, నమలుటయే యొక శ్రమగా భావించి విస్తరి మడచును. ఉప్పు మానుమని వైద్యు డాజ్ఞాపింపగా ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడము దూరమై, చప్పిడి పథ్యముపై నెవనికి మనసు వోవును? కొన్ని మందులు వికారము పుట్టించును. వీనికి తోడు ఊపిరి పీల్చుట కే నాడును లేనంత శక్తి ఖర్చగుచుండ, రక్తమున తాపకారకములైన రసాయనములు హెచ్చి కండలను కరగించును. అందొకదానికి, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టరను దానికి, కొందరు పరిశోధకులు ‘కాకెక్టిన్’ అని పేరిడుటయే దాని స్వభావమును చెప్పుచున్నది. రాబడి తరిగి వ్యయము పెరిగిన సంసారము తాకట్టు పెట్టు మొదటి నగ కండయే.

ఇచ్చట సికిందరాబాదు వాసులకు దగ్గరిదైన సంగతి యొకటి చెప్పవలెను. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు పొరుగున, జాతీయ పోషకాహార సంస్థ కలదు. దాని పుట్టిల్లు నీలగిరులలోని కూనూరు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అచట నొక గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే దినదినము పెరిగి, 1958లో ఇచ్చటికి తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది. బెరిబెరి యననేమి? మరపట్టిన తెల్లని బియ్యమే యాధారముగా బ్రతుకువారికి థయమిన్ అను విటమిను కొరవడి వచ్చు వ్యాధి. ఉత్తర సర్కారుల తీరమున మన పూర్వులు దీనిచే మిక్కిలి బాధపడిరి. ఇందొక రకమున గుండె ఉబ్బి, కాళ్లకు నీరు దిగి, రోగి ఊపిరాడక మరణించును. విటమిను నిచ్చినచో గంటలలో తేరుకొనును. అనగా, నేడు దేశమునకు పోషకాహార పట్టికలను గూర్చి యిచ్చుచున్న యా సంస్థ, ఆహారలోపమే హృద్రోగమైన వ్యాధితోనే తన జీవితము నారంభించినది! అచటికి కొలది మైళ్ల దూరమున, పాత ముషీరాబాదు జైలు నేలపై వెలసిన గాంధీ ఆస్పత్రి కలదు. గుండెను జూచువారును తిండిని జూచువారును ఒకే ఊరి పొరుగువారై యుండియు, చిరకాలము రోగి కేసుషీటుపై ఒకరి పక్క నొకరు సంతకము చేయలేదని నా యభిప్రాయము. ఈ మాట యొక్క మా యూరికే గాక లోకమంతటికిని వర్తించును.

ఆ సంతకమునకు దారితీసినవి కొన్ని చిన్న లెక్కలు. 2005లో ఫ్రాన్సు వైద్యులు వృద్ధరోగులకై యొక సూచిక కల్పించిరి. నేడది హృద్రోగులకును వాడుకలోనికి వచ్చినది. లీటరు రక్తరసమున నున్న ఆల్బుమిన్ అను మాంసకృత్తు గ్రాములను 1.489తో హెచ్చవేసి, రోగి బరువును తగిన బరువుచే భాగించి 41.7తో హెచ్చవేసి, రెండును కూడవలెను. 98 దాటినచో భయము లేదు, 82కు తగ్గినచో ప్రమాదము తీవ్రము. మా మేనత్తవంటి స్త్రీకి ఆల్బుమిన్ 30 గ్రాములు, తగిన బరువు 50 కిలోలనుకొందము. స్టేషను యంత్రము చెప్పిన 54 కిలోలు తగిన బరువును మించినవి గనుక, నియమము ప్రకారము భాగఫలమును ఒకటిగా గొనగా మొత్తము 86, మధ్యమ ప్రమాదము. నీరు తీసిన పిదప తేలిన నిజమైన బరువు 44 కిలోలతో గణించిన, 81, తీవ్ర ప్రమాదము. పది లీటర్ల నీరు మనిషిని ఒక మెట్టు పైకెక్కించి చూపినది!

ఇట్టి కొలతలకు విలువ యెంత? వృద్ధాప్యమున సున్నము పేరుకొని బిగిసిన బృహద్ధమని కవాటమును మార్పించుకొన్న 1,158 మందిని, మూడు దేశములలో పరిశీలించి 2018లో ప్రకటించిన యొక అధ్యయనమున, ముందే పోషణ లోపించినవారిలో ఏడాదిలోగా నూటికి 28 మంది, బాగుగ దిన్నవారిలో 10 మంది మరణించిరి. శస్త్రచికిత్స చేసినను, తొడ నాళమునుండి గొట్టము పంపి కొత్త కవాటమును అమర్చినను, బలహీనుని విధి బలహీనమే. కోసిన రొమ్ముటెముక అతుకుకొనుటకు మాంసకృత్తులు గావలెను, వెంటిలేటరు తీసినపిదప తనంత తాను శ్వాసించుటకు ప్రక్కటెముకల నడిమి కండ గావలెను, సూక్ష్మజీవుల నెదుర్కొనుటకు తెల్లకణములు గావలెను. అయితే ఆల్బుమినును అన్నముతో సరిసమానముగ జూచుట తొందరపాటు. కాలేయము నీరుపట్టినను, శరీరమున తాపము హెచ్చినను, అది తగ్గును; కావున తక్కువ ఆల్బుమిన్ కొన్నియెడల ఆకలిని గాక వ్యాధి తీవ్రతనే చాటుచుండును. తినిపించినంత మాత్రమున ఆయువు పెరుగునని ఇట్టి అధ్యయనములు నిరూపింపలేవు. ఎవరిపై కన్నుంచవలెనో మాత్రము చెప్పును. హృదయవైఫల్యము వచ్చినవారిలో కొంత స్థూలకాయులు బక్కవారికంటె నెక్కువ కాలము జీవించుట పరిశోధకులను నేటికిని తికమకపెట్టుచున్నది.

మా మేనత్త నొక ఆస్పత్రిలో జేర్పించినప్పుడు, మూత్రము వెడలించు మందులతో రెండు వారములలో పది కిలోలు తగ్గగా, ఇంటిల్లిపాదియు “మనిషిని కరగదీసేశారు” అని గగ్గోలు పెట్టిరి. పాపము, కరగినది అంతకు మునుపే; తెర మాత్రము అప్పుడు తొలగినది. ఆస్పత్రి చీటిపై కవాటపు వైశాల్యము దశాంశముతో సహా వ్రాయబడినను, ఆమె దండచేతి చుట్టుకొలతను టేపుతో జూచినవారు లేరు. అన్నము ఎక్కువ పెట్టుడని ఒక నర్సమ్మ చెప్పిన మాటను మా వారు మితిమీరి పాటింపబోగా, వైద్యుడు వారించెను. చాలకాల మాకలిగొన్న దేహమున నొక్కసారి పిండిపదార్థము గుమ్మరించిన, రక్తమున ఫాస్ఫేటు పడిపోవును, మిగిలిన కొంచెము థయమినును ఖర్చగును. మూత్రపు మందులు ఆ విటమినును ముందే కొంత బయటికి బంపియుండును. కూనూరు గదిలోని పాత శత్రువు మరల వాకిట నిలుచును. కనుక పూటకు కొంచెము కొంచెముగ దినమున కారుమారులు తినిపించుట, కిలో బరువుకు మాంసకృత్తులు ఒకటిం బదోవంతు గ్రాములకు తగ్గకుండ జూచుట మంచిది. ఇందుకు ఖరీదైన పొడుల యవసర మేమియు లేదు. పెసరపప్పున నూరు గ్రాములకు ఇరువదినాలుగు, వేరుసెనగలో ఇరువదియైదు గ్రాముల మాంసకృత్తులు గలవు, కోడిగ్రుడ్డున కారు. ఉప్పు తగ్గినచోట నిమ్మరసము, అల్లము, కొత్తిమీర రుచి నిలుపును.

ఆమెకు లోహపు కవాటము పెట్టి, రక్తము గడ్డకట్టకుండ బిళ్లలిచ్చి, ఆకుకూరలతో జాగ్రత్త యనిరి. ఆ బిళ్లలు విటమిన్ ‘కె’కు విరోధులు, తోటకూర, పాలకూర, గోంగూర దానికి నిలయములు. భయముచే ఆమె ఆరునెలలు ఆకును ముట్టలేదు. నిజమునకు ఆకు నిషిద్ధము కాదు. ఒకనాడు బుట్టెడు, వేరొకనాడు శూన్యముగ గాక, వారము వారము సమపాళముగ దిన్నచో బిళ్ల మోతాదును దానికి తగినట్లు కుదుర్చవచ్చును. ఈ సంగతి తెలిసిన పిదప ఆమె వంటింటి గోడపై బొగ్గుతో గురుతులు పెట్టికొని, మంగళవారము తోటకూర పప్పు, శుక్రవారము గోంగూర, నెలనెలా రక్తపరీక్షగా కాలము గడపినది. మూడవ సంక్రాంతికి వచ్చిన గాజులవాడు, రెండు–ఆరు సైజు గాజులను సబ్బు నురుగు రాయక ఆమె చేతి కెక్కింపలేకపోయెను.