రైతు వర్క్‌షాపు: కొలతలు, కరెంటు

అదనులో గొర్రు విరిగినచో దానిని పట్నమునకు కొనిపోయి అతికించి తెచ్చుటకు ఒక రోజు పోవును. అందుచేత ట్రాక్టరు గల రైతులు పొలము వద్దనే చిన్న మరమ్మతు షెడ్డు వేసికొనుట మంచిదే. కాని షెడ్డు లేచిన పిమ్మట ట్రాక్టరు పట్టలేదనియు, వెల్డింగు మొదలుపెట్టగానే దీపములు మసకబారుచున్నవనియు బాధపడువారు కలరు. ముందు గోడలు కట్టి తరువాత లెక్క చూచుటయే దీనికి కారణము. లెక్క ముందు వేయండి.

షెడ్డు ఎంత ఉండవలెను?

మీ యంత్రములలో పెద్దదానిని టేపుతో కొలవండి. గొర్రు తగిలించిన ట్రాక్టరు 16 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్నదనుకొందము. మనిషి వంగి పానా త్రిప్పుటకు నలుప్రక్కల 4 అడుగులు వదలినచో 24 × 16 అడుగులు అగును. బల్ల, వైసు, గ్రైండరు, సామాను అరలకు ఒక ప్రక్క 8 అడుగులు కలిపిన 24 × 24 అడుగులు. ద్వారము 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉండవలెను. ఇంత స్తోమత లేనివారు బల్లకు, పనిముట్లకు మాత్రము చిన్న గది కట్టి, దాని ముందు గట్టి నేలపై రేకుల పందిరి వేసికొనవచ్చును. గడ్డివామి, డీజిలు పీపాలు వెల్డింగు చోటునకు దూరముగా ఉండవలెను.

కరెంటు ఎంత కావలెను?

1 హెచ్.పి. అనగా 746 వాట్లు. అది మోటారు ఇచ్చు శక్తి. నష్టములతో కలిపి చిన్న మోటారు హెచ్.పి.కి సుమారు 1 కిలోవాటు లాగునని ఎంచండి. వెల్డింగు మిషనుపై 200 ఆంపియర్లని ఉన్నచో అది కడ్డీ వద్ద వచ్చు కరెంటు. లైను నుండి ఎంత లాగునో పేరు పలకపై వేరుగా ఉండును.

ఉదాహరణకు వెల్డింగు మిషను 6, కంప్రెషరు 2, గ్రైండరు అర, డ్రిల్లు అర, దీపములు, ఫ్యాను 0.3 కిలోవాటు. మొత్తము 9.3. ఒక్క మనిషి వెల్డింగు, గ్రైండింగు ఒకేసారి చేయలేడు. కాని కంప్రెషరు తనంతట తానే మొదలగును. కనుక ఒకేసారి పడు భారము 8.3 కిలోవాట్లు. ఈ లెక్క చూపి, సింగిల్ ఫేజు చాలునో, త్రీ ఫేజు కావలెనో విద్యుత్ సంస్థ సెక్షను ఆఫీసులో అడగండి.

తీగ సన్నమైతే?

ఇంటి నుండి షెడ్డు 50 మీటర్లైనచో, పోవుటకు, వచ్చుటకు కలిపి తీగ 100 మీటర్లు. 20 ఆంపియర్లు లాగునపుడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో సుమారు 15 వోల్టులు దారిలోనే పోవును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది సుమారు 6 వోల్టులే. మోటారు మొదలగునపుడు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. అప్పుడు వోల్టేజి మరింత పడి, మోటారు తిరుగలేక వేడెక్కి కాలిపోవచ్చును. తీగలో మిగిల్చిన డబ్బు మోటారు చుట్టించుటకు చాలదు.

ప్రాణము ముఖ్యము

ఇనుప ఒడలు గల ప్రతి యంత్రమునకు ఎర్తు తీగ ఉండి తీరవలెను. దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు మనిషి గుండా నేలకు పోయినచో అది రెప్పపాటులో లైనును తెంచును. కాని ఇది ఉన్నదని ఎర్తును మానరాదు. నెలకొకసారి దాని టెస్టు బొత్తాము నొక్కి చూడండి. తడి నేలపై నిలిచి వెల్డింగు చేయకూడదు.

పంపుసెట్టు కనెక్షను నుండి షెడ్డునకు తీగ లాగకండి. అది సేద్యపు నీటికై ఇచ్చినది. ఇతర పనికి వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగమగును. గ్రామాధికారులు ఈ సంగతి రైతులకు ముందుగానే తెలుపవలెను.

పునాది త్రవ్వకముందే ఒక కాగితముపై యంత్రముల పేర్లు, కొలతలు, కిలోవాట్లు వ్రాసికొనండి. రేపు కొనదలచిన యంత్రమును కూడ అందులో చేర్చండి. ఆ కాగితమే మీ షెడ్డునకు మొదటి పునాదిరాయి.