పాత బిల్డింగులో బాడిగకు దిగే ముందు

మింజూరు నుంచి పట్నానికి పనికి పోయే మన పిల్లలు చాలామందికి ఇదే ఆలోచన. రోజూ గుమ్మిడిపూండి లైను రైల్లో నిలబడి పోయిరావడమా, తిరువొత్తియూరు, పెరంబూరు పక్కన ఏదైనా పాత అపార్టుమెంటులో బాడిగకు దిగడమా?

పాత ఇంట్లో లాభం లేకపోలేదు. కొత్త ఫ్లాటు కంటే బాడిగ తక్కువ. పని, బడి, ఆస్పత్రి దగ్గర. పక్కింటోళ్ళు ఏళ్ళ తరబడి ఉన్నోళ్ళు, పిలిస్తే పలుకుతారు. ఇక్కడేమో బోర్లలో ఉప్పునీళ్ళు. పక్కనే కాట్టుపల్లిలో మంచినీళ్ళుగా మార్చిన సముద్రపు నీళ్ళు 2010 నుంచి పట్నానికి పోతున్నాయి.

అయినా ముందు బిల్డింగును చూడాలి. 2021 డిసెంబరు 27న తిరువొత్తియూరు అరివాకుళంలో గవర్నమెంటు బోర్డు కట్టిన బ్లాకు కూలి 24 ఇళ్ళు పోయాయి. దానికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. బీటలు చూసి జనం ముందే బయటికొచ్చారు గనక ప్రాణాలు దక్కాయి.

కాబట్టి గదికి కొట్టిన కొత్త సున్నం చూసి మోసపోవద్దు. మెట్ల కింద, బాత్రూము పైకప్పు చూడండి. పెచ్చులూడి ఇనుప కమ్మి కనబడిందంటే లోపల తుప్పు పట్టినట్టే. తుప్పుకి కమ్మి ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. సముద్రపు గాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇక అడ్వాన్సు. 2019లో అమలుకొచ్చిన తమిళనాడు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే మూడు నెలల బాడిగకు మించి అడ్వాన్సు అడగకూడదు. పది నెలలది కట్టేస్తే, రేపు గోడ చీలినా ఆ డబ్బు కోసం కదల్లేక అక్కడే ఉండిపోతాం. రిపేరు ఖర్చు ఎవరిదో కూడా అగ్రిమెంటులో రాయించి, రిజిస్టరు చేయించండి.

బీటలున్న ఇంటికి మాత్రం బాడిగ సగమన్నా దిగొద్దు. ఇంకో ఏడాది రైల్లో పోయినా నష్టం లేదు.