పదకొండు నెలల కాగితం

మన దేశంలో ఇల్లు అద్దెకు తీసుకోబోయే వారి ముందు పెట్టే ఒప్పంద పత్రంలో గడువు చాలావరకు పదకొండు నెలలే ఉంటుంది. పన్నెండు ఎందుకు కాకూడదని అడిగితే ఇంటి యజమాని "అది ఆచారం" అంటాడు. ఆ ఆచారానికి మూలం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను. ఏటేటా సాగే లీజును, ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలని అది శాసిస్తోంది. ఆ ఖర్చును, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమను తప్పించుకోవడానికి జనం కనిపెట్టిన ఉపాయమే ఈ పదకొండు నెలలు.

అద్దె వ్యాజ్యాలలో తలపండిన న్యాయవాదులకు ఈ కాగితంపై అంత గురి లేదు. గడువు తీరిన మరునాడే తాళం వేసి సామాను వీధిలో పెట్టించవచ్చునని యజమాని తలపోస్తాడు. అది చెల్లదు. ఉండే హక్కు లేనివాడైనా సరే, స్థిరమైన స్వాధీనంలో ఉన్నవాడిని చట్టరీత్యా తప్ప వెళ్లగొట్టరాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో స్పష్టం చేసింది. తొందరపడిన యజమాని, న్యాయం తన పక్షాన ఉన్నా, ప్రతివాదిగా నిలవవలసి వస్తుంది.

పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు అద్దెదారుకే దక్కుతుందన్నది మరొక అపోహ. ఈ భయంతోనే, వేళకు అద్దె చెల్లించే పెద్దమనిషిని సైతం పదకొండో ఏట పంపివేసేవారున్నారు. పాపం, ఇద్దరికీ నష్టమే! కాలపరిమితి చట్టంలోని ఆ పన్నెండేళ్ల లెక్క యజమాని హక్కును ధిక్కరించి ఆస్తిని అనుభవించే వారికి సంబంధించినది. నెలనెలా అద్దె చెల్లించేవాడు ఆ హక్కును నెలనెలా ఒప్పుకొంటూనే ఉన్నాడు కదా.

కక్షిదారు గుమ్మంలో అడుగుపెట్టగానే ఇటువంటి న్యాయవాది అడిగేవి అద్దె రసీదులు, ఆ తరువాత నోటీసు ప్రతి. నోటీసు విషయంలో పూర్వం ఎన్ని కొంపలు మునిగాయో! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం నెలవారీ అద్దెదారుకు పదిహేను రోజుల గడువు ఇవ్వాలి. 2002 సవరణకు ముందు ఆ గడువు అద్దె నెల ముగిసే రోజుతోనే ముగియవలసి ఉండేది. అయిదో తేదీన మొదలైన అద్దె నెల మరుసటి నెల నాలుగున ముగుస్తుంది. లెక్క ఒక్క రోజు తప్పినా, ఏళ్ల తరబడి నడిచిన దావా కొట్టుబడిపోయేది. అద్దె నియంత్రణ చట్టాలు వర్తించే చోట ఈ నోటీసు అక్కరలేదని 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2002 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో, దావా వేసేనాటికి చట్టబద్ధమైన గడువు గడిచిపోయి ఉంటే నోటీసులోని ఆ లోపం ప్రాణాంతకం కాకుండా పోయింది.

రిజిస్టరు కాని పత్రం ఉత్త చిత్తుకాగితమేనా? ఐదేళ్లకు రాసుకొని రిజిస్టరు చేయించని లీజు ఒకటి ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఐదేళ్ల గడువు చెల్లదు గాని, స్వాధీనం ఇచ్చి అద్దె పుచ్చుకున్నందువల్ల నెలవారీ అద్దె సంబంధం ఏర్పడిందని కోర్టు 2000లో తేల్చింది. అద్దెదారుకు రక్షణ దక్కింది.

రాష్ట్రాలు తమ దారి తాము చూసుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో 17వ సెక్షనును సవరించి, ఏడాది లోపు లీజులను కూడా రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. అయినా పదకొండు నెలల వాడుక అక్కడా మాసిపోలేదు. మహారాష్ట్ర అదే ఏడాది చేసిన అద్దె నియంత్రణ చట్టంలో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి, ఆ బాధ్యత ఇంటి యజమానిదే. ఆయన దానిని విస్మరించి వివాదం వస్తే, షరతుల గురించి అద్దెదారు చెప్పినదే, అది తప్పని రుజువయ్యేదాకా, చెల్లుతుంది.