తీగ బిగిస్తే భద్రమా? పెరటి జిప్‌లైన్ వెనుక లెక్కలు

ఏటవాలు తీగకు వేలాడుతూ జారే జిప్‌లైన్లలో టికెట్టు కొని ఎక్కేవి అమెరికాలో 2001లో పదే ఉండేవి. 2012 నాటికి అవి రెండు వందలు దాటాయి. వేసవి శిబిరాల్లో, ఇళ్ల పెరళ్లలో ఎవరికి వారు కట్టుకున్నవీ కలిపితే అప్పటి లెక్క 13,000 పైమాటే. ఒహాయో రాష్ట్రంలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ ఆసుపత్రి పరిశోధకులు ఈ ఆటలో తగిలే దెబ్బల లెక్క తీశారు. 1997 నుంచి 2012 వరకు సుమారు 16,850 మంది జిప్‌లైన్ల మీద గాయపడి అత్యవసర విభాగాలకు వచ్చారని వారి అంచనా. అందులో 45 శాతం పదేళ్లు నిండని పిల్లలే. నాలుగింట మూడు వంతులకు పైగా గాయాలు కింద పడటం వల్ల తగిలినవి. ఆ తర్వాతి స్థానం చెట్టునో స్తంభాన్నో గుద్దుకోవడానిది.

జిప్‌లైన్ కట్టుకునే కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డాలస్, అట్లాంటా శివార్లలో పెద్ద పెరడున్న తెలుగు కుటుంబాలకూ ఈ సరదా అందుబాటులోనే ఉంది. అయితే ఆ పెట్టె విప్పేలోగా రెండు ప్రశ్నలు తేల్చుకోవాలి. తీగ ఎంత వదులుగా ఉండాలి? మనిషి ఎక్కడ, ఎలా ఆగాలి?

మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు. బిగుతుగా లాగిన తీగ చూడటానికి గట్టిగా కనిపిస్తుంది కానీ, దాని మీద పడే భారం చాలా ఎక్కువ. దండెం తీగను సాగదీసి కట్టి, మధ్యలో తడి దుప్పటి వేస్తే మేకు ఊడివచ్చేది అందుకే. తీగ నడుమ వేలాడే బరువును పైకి మోయాలంటే తీగ ఏటవాలుగా ఉండాలి. వాలు తగ్గేకొద్దీ అదే బరువును మోయడానికి తీగ అంతకంత ఎక్కువగా లాగాల్సి వస్తుంది.

లెక్క సులువు. బరువును తీగ పొడవుతో హెచ్చించి, మధ్యలో తీగ కిందికి దిగిన లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే తీగలోని లాగుడు బలం తెలుస్తుంది. 30 మీటర్ల తీగ మీద 80 కిలోల మనిషి ఉన్నాడనుకుందాం. తీగ 60 సెంటీమీటర్లే దిగితే, రెండు చివర్లలోనూ 1,000 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు ఉంటుంది. ఒకటిన్నర మీటర్లు దిగనిస్తే అది 400 కిలోలకు పడిపోతుంది.

పావు అంగుళం మందం ఉన్న గాల్వనైజ్డ్ ఉక్కు తాడు సుమారు 3,175 కిలోల దగ్గర తెగుతుంది. మనుషులను మోసే తాడుకు ఐదు రెట్ల రక్షణ పెట్టుకుంటే, దాని మీద 635 కిలోలకు మించి లాగుడు పడకూడదు. బిగుతు తీగ ఆ హద్దును ఎప్పుడో దాటేసింది. వదులు తీగ హద్దులోనే ఉంది.

చలికాలం ఈ తేడాను ఇంకా పెంచుతుంది. 60 సెంటీమీటర్లు దిగే తీగ, రెండు చెట్ల మధ్య సూటి దూరం కంటే కేవలం 2.4 సెంటీమీటర్లు పొడవు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పడిపోతే 30 మీటర్ల ఉక్కు సుమారు 1.4 సెంటీమీటర్లు కుదించుకుపోతుంది. అంటే ఆ కాస్త వదులులో సగానికి పైగా పోయినట్టే. ఒకటిన్నర మీటర్లు దిగే తీగకు 15 సెంటీమీటర్ల అదనపు పొడవు ఉంటుంది కాబట్టి ఈ కుదింపు దాన్ని పెద్దగా కదిలించదు.

తీగకు ఎంత బలమున్నా కట్టిన చోటు వీగితే ఫలితం లేదు. చెట్టు ఆరోగ్యంగా ఉండాలి, మొదలు కనీసం ఒక అడుగు మందం ఉండాలి. మొదలు దగ్గర పుట్టగొడుగులు మొలిచినా, బోలుగా మోగినా, కొమ్మలు ఎండుతున్నా ఆ చెట్టును వదిలేయాలి. తీగను నేరుగా బెరడుకు చుడితే అది ఒరుసుకుపోయి, బెరడు కింద ఆహారం ప్రవహించే పొరను కోసేస్తుంది. కొన్నేళ్లకు చెట్టే చచ్చిపోతుంది. అందుకే మధ్యలో చెక్క దిమ్మెలు పెట్టాలి.

తీగ చివరను థింబుల్ (మడత నలగకుండా కాపాడే లోహపు గాడి) చుట్టూ మడిచి, కనీసం మూడు క్లాంపులు వేయాలి. క్లాంపులోని మందపాటి గాడి భాగం భారం మోసే తీగ వైపు, యూ ఆకారపు బోల్టు మడిచిన కొస వైపు ఉండాలి. తిరగేసి వేస్తే బోల్టు భారం మోసే తీగనే నొక్కి నలిపేస్తుంది. మొదటిసారి బరువు పడ్డాక నట్లు వదులవుతాయి కాబట్టి మళ్లీ బిగించాలి.

ఇక ఆగడం సంగతి. 30 మీటర్ల తీగకు రెండు చివర్ల మధ్య 1.8 మీటర్ల ఎత్తు తేడా ఉండి, నడుమ ఒకటిన్నర మీటర్లు దిగుతుందనుకుందాం. బయలుదేరిన చోటుకంటే సుమారు రెండున్నర మీటర్ల దిగువన అత్యంత పల్లపు చోటు వస్తుంది. రాపిడిని పక్కన పెడితే అక్కడ వేగం సెకనుకు 7 మీటర్లు. ఐరోపాలో పిల్లల ఆటస్థలాల జిప్‌లైన్లకు విధించిన గరిష్ఠ వేగం కూడా అదే. అక్కడి నుంచి తీగ పైకి లేస్తుంది గనుక, చివరి చెట్టు చేరేసరికి వేగం సెకనుకు సుమారు 6 మీటర్లకు తగ్గుతుంది. ఆ వేగంతో మాను గుద్దుకుంటే 1.8 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడినట్టే.

చెట్టుకు పాత టైరు కడితే ఏమవుతుంది? అది 15 సెంటీమీటర్లు నొక్కుకుని ఆపిందనుకుంటే, ఒంటి మీద పడే సగటు బలం శరీర బరువుకు 12 రెట్లు. అదే మూడు మీటర్ల మేర సాగే బంజీ బ్రేకు ఆపితే, ఆ సగటు శరీర బరువులో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. దూరం ఎంత ఎక్కువ ఇస్తే దెబ్బ అంత తక్కువ. మొదటి బ్రేకు పనిచేయకపోతే ఆదుకోవడానికి రెండోది కూడా ఉండాలి.

కింద పడి తగిలే గాయాలే ఎక్కువ కాబట్టి చేతి పట్టును నమ్ముకోకూడదు. చెమట పట్టిన చిన్న చేతులు జారిపోతాయి. పిల్లలను హార్నెస్‌తో, తీగ మీద దొర్లే కప్పీకి తగిలించాలి. ఎక్కే అరుగు మీద కూడా హార్నెస్ కొక్కెం తగిలించే ఉండాలి. దారి పొడవునా రాళ్లు, మోళ్లు తీసేసి చెక్క ముక్కలు పరవాలి. 23 సెంటీమీటర్ల మందాన సర్దుకున్న చెక్క ముక్కలు మూడు మీటర్ల ఎత్తు వరకు పడే దెబ్బను తట్టుకుంటాయని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఆటస్థలాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. నలిగి అణిగిపోతాయి గనుక మొదట 30 సెంటీమీటర్లు పోయాలి. పొడవు జుట్టు ముడి వేయాలి, మెడ దగ్గర వేలాడే తాళ్లున్న దుస్తులు వద్దు.

పిల్లల కంటే ముందు ఇసుక బస్తాలు ప్రయాణించాలి. ఎక్కబోయేవారిలో అందరికంటే బరువైనవారికి సమానమైన బస్తా ఒకటి, అందరికంటే తేలికైనవారికి సమానమైనది ఒకటి. బరువైనది తీగను ఎక్కువ దించుతుంది, వేగంగా వస్తుంది. నేలకు తగులుతోందా, బ్రేకు సరిపోతోందా అన్నది అది చెబుతుంది. తేలికైనది చివరిదాకా రాకుండా నడుమే ఆగిపోతే, అక్కడినుంచి బిడ్డను దించడం ఎలాగో ముందే ఆలోచించుకోవాలి. వాడే ప్రతి రోజూ తుప్పు, తెగిన పోగులు, వదులైన నట్లు చూడాలి. ఆట ముగిశాక కప్పీని విప్పి ఇంట్లో దాచాలి. పెద్దలు లేనప్పుడు పిల్లలు ఆ తీగ ఎక్కకుండా ఆపే అన్నిటికంటే తేలిక మార్గం అదే.