ఖర్చుల పుస్తకంలో ‘సొంతం’

మా పక్కూరి ప్రాథమిక పాఠశాల వరండాలో మంచినీళ్ల మిషను ఒకటుంది. స్టీలు తలుపు మీద దాత ఫొటో, కింద ‘జన్మదిన శుభాకాంక్షలు’ అన్న ఎర్రటి అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి. నీళ్లే రావు. ఫిల్టర్లు పోయి రెండేళ్లయింది. పిల్లలు ఇంటినుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. మిషను నెత్తిన చీపుర్లు పెడుతున్నారు.

మార్పించవచ్చు కదా అంటే హెడ్మాస్టరు నవ్వి, బీరువాలోంచి ఖర్చుల పుస్తకం తీసి నా ముందు పెట్టారు. బడిలో 28 మంది. 30 మందిలోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికిచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. వందమంది దాకా ఉంటే 25,000. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫినాయిలు, మోటారు రిపేరు, విరిగిన తాళం అన్నీ ఇందులోంచే. కనీసం పదోవంతు పరిశుభ్రతకే పెట్టాలి. నెలకు పంచితే మొత్తం 833 రూపాయలు. అవి చేతికి అందేదాకా సారు జేబే దిక్కు. ఓ పేజీలో ‘కుళాయి వాషరు – 15’ అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో ‘సొంతం’ అని ఉంది. ఆ ఒక్క పేజీలోనే ‘సొంతం’ ఆరుసార్లు కనబడింది.

పెద్ద పనులకు డబ్బు రాలేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి: నాడు–నేడు’ తొలి విడతలోనే 15,715 బడులను తీసుకుంది. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో ఆరంభించిన ‘మన ఊరు–మన బడి’ 26,065 బడుల కోసం వేసుకున్న లెక్క. పని జరిగినచోట గోడలు, బెంచీలు, మరుగుదొడ్లు నిజంగానే వచ్చాయి. మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం ఊడిపోయిన రోజున మాత్రం ఏ పథకమూ రాదు. ఆడపిల్లలకు అదెంత పెద్ద సంగతో వేరే చెప్పాలా?

దాతలదీ అదే తోవ. పాతికేళ్ల కిందటి పదో తరగతి బ్యాచ్ వాట్సాప్‌లో కలుస్తుంది. సమ్మేళనం పెట్టుకుని, సార్లకు శాలువాలు కప్పి, బిర్యానీ తిని, వెళ్తూ వెళ్తూ బడికో పోడియం ఇచ్చిపోతుంది. ఆ ప్రేమను తప్పుబట్టను. మా బ్యాచ్ తరఫున గోడగడియారం మోసినవాణ్ని నేనే. (అదిప్పుడు ఎప్పుడు చూసినా పదకొండుంబావే. సెల్లు మార్చేవాళ్లు లేరు.) అదే బ్యాచ్ ఏటా జూన్‌లో అయిదువేలు ఇస్తే ఈ బడికి సగం గ్రాంటు అదనంగా వచ్చినట్టే. కాకపోతే గొళ్లేనికీ వాషరుకూ రిబ్బన్ కట్టి ఫొటో దిగలేం.

ఏం కావాలో ఎవరినడగాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. వంటగిన్నెకు చిల్లుపడిన సంగతి వాళ్లకు తెలుసు. అడక్కుండా ఇవ్వబట్టే ఒకే బడికి మూడు చోట్లనుంచి బ్యాగులొస్తాయి. కమిటీని అడిగి, బడి ఖాతాలో వేసి, రసీదు తీసుకుంటే చాలు.

డబ్బు లేకపోతే సమయం ఇవ్వొచ్చు. అందుకోసమే కేంద్రం 2021 సెప్టెంబరులో ‘విద్యాంజలి’ పోర్టల్‌ను కొత్తగా తెచ్చింది. టీచరు పోస్టు ఖాళీగా ఉంచి, దాన్ని ఊరివాళ్ల పుణ్యంతో నింపుకోవడం మాత్రం నాకు మింగుడు పడదు. టీచరు ఉన్నచోట ఇంకో మనిషి పక్కన కూర్చుని చదివించడం వేరు.

ఆ బడికి శనివారం మధ్యాహ్నాలు రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన వస్తారు. ఒత్తులు తడబడే నలుగురైదుగురిని వెంటేసుకుని, పుస్తకం పక్కనపెట్టి, కంటికి కనిపించిందల్లా చదివిస్తారు. రేషన్ షాపు బోర్డు, బిస్కట్ పాకెట్, గోడమీది పోలియో ప్రకటన. నేను వెళ్లిన రోజు మూడో తరగతి పాపను మంచినీళ్ల మిషను ముందు నిలబెట్టారు.

‘‘జ... న్మ... ది... న... శు... భా... కాం...’’

‘క్ష’ దగ్గర ఆగింది. ఆయన తొందరపెట్టలేదు.